నలభై ఆరు గోళ్ళకప్పలు

చిరంజీవి పిడుగుకి,

మామయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా, నా రెండు కిడ్నీలు తప్ప. అవి రాజీనామా ఇచ్చి మూడేళ్ళయింది కనక వాటిని ఇంట్లోవాళ్ళ కింద లెక్కేయడం మానేశాం. అక్కడ నువ్వూ, నీ గుడారమూ, నీ వలలూ, మోకాళ్ళదాకా తొడుక్కునే ఆ రబ్బరు బూట్లూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. జవాబు ఇంత ఆలస్యం చేశానని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో తల్లీ. ఇది చదివాక ఎలాగూ తిడతావు, వాటిలో ఇవీ కలిసిపోతాయి. నీ క్యాంపులో ఫోను అందదని తెలిసి మీ అత్తయ్య బెంగపడింది గానీ, నేను మాత్రం లోలోపల హమ్మయ్య అనుకున్నాను. ఫోనులో అయితే సగంలో మాట మార్చేసి, అక్కడ వానలెలా ఉన్నాయని అడిగేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు.

ఇది డయాలిసిస్ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఎడమ చేతికి రెండు సూదులు, కుడి చేతిలో పెన్ను, ఒళ్ళో మీ అత్తయ్య వెతికిచ్చిన అట్ట. ఒక సూదిలోంచి రక్తం మిషన్లోకి పోతుంది, శుభ్రపడి రెండో సూదిలోంచి వెనక్కి వస్తుంది. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. పక్క కుర్చీలో మా టైలరు గారు. ఆయనకి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒక డబ్బా గుండీలు తెచ్చుకుని ఒంటిచేత్తో రంగుల వారీగా ఏరుతుంటాడు.

"ఎవరికండీ అంత పొడుగు ఉత్తరం? వీలునామా గానీ రాస్తున్నారా?" అన్నాడు ఇందాక.

"మా మేనకోడలికండీ."

"కప్పల్ని పట్టే అమ్మాయేగా? అయితే వీలునామానే రాసేయండి. కప్పల్లో ఏం మిగుల్తుంది పాపం!"

ఇద్దరం నవ్వాం. "నవ్వితే సూదులు కదులుతాయి, నా ప్రాణం తియ్యకండి బాబూ" అని సిస్టరమ్మ కసిరింది.

ఇక నీ ప్రశ్నలు. దురద తగ్గింది. కొత్త మందు పడింది, వీపు గోక్కోవడానికి తలుపు అంచులు వెతుక్కునే ఖర్మ తప్పింది. చేతిలో నరాలు కలిపి కుట్టిన చోట ఆ 'జుయ్' మనే మోత అలాగే ఉంది. అది ఆగితేనే కంగారు పడాలట, మోగినంతకాలం మంచిదేనట. పిక్కలు పట్టేయడం మాత్రం ఉంది, మూడో గంటలో మొదలవుతుంది, అప్పుడు నా మొహం చూడకు. మీ అమ్మ ఆదివారం వచ్చింది. "పెళ్ళి మాటెత్తితే అది కప్పల మాటెత్తుతుంది, అంతా నీ పెంపకమే" అని నన్ను గంటసేపు దులిపేసింది. ఆ పాపంలో నా వాటా ఉంది కనక నోరెత్తలేదు.

నీ ఆఖరి ప్రశ్నకి ఆఖర్నే జవాబు. కాయితాలు తిప్పి ముందే చూడకు.

నీళ్ళ సంగతి. "రోజుకి మూడు గ్లాసులు దాటడం లేదు కదా? నిజం చెప్పు" అని కింద గీత గీసి మరీ అడిగావు. నిజం చెప్పాలంటే, దాటేవాణ్ణి. నీరు బయటికి పోయే దారి మూసుకుపోయినవాడు తాగిందంతా, మళ్ళీ మిషన్ ఎక్కేదాకా ఒంట్లోనే ఉండిపోతుంది. నాకు తెలియని ముక్క కాదు. కానీ దాహం ముందు తెలివెంత? మీ అత్తయ్య గ్లాసులు లెక్కపెట్టేది, సీసాలు దాచేసేది. నేను మొహం కడుక్కునే వంకతో కుళాయి కింద దోసిళ్ళు పట్టేవాణ్ణి. ఒకరోజు దొరికిపోయాను. "కప్ప నోటితో తాగదే, చర్మంతో తాగుతుంది. అది నేర్చుకుంటున్నాను" అన్నాను. "అప్పుడెప్పుడో ల్యాబ్‌లో కప్పలతో ఉండి ఉండి మీకూ నీళ్ళ పిచ్చి పట్టింది" అని తువ్వాలు మొహాన కొట్టింది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. నవ్వాల్సిన విషయం కాదని తర్వాత తెలిసింది.

మా డాక్టరమ్మ నీకు తెలుసు. ఒకప్పుడు నేను పనిచేసిన కిడ్నీ ల్యాబ్‌కి పెద్ద, ఇప్పుడు ఈ డయాలిసిస్ విభాగానికి పెద్ద. ఏడాదిగా ఆవిడ ఒక పరిశోధన చేస్తోంది. మిషన్ మీద ఉండగా కొందరికి రక్తపోటు ఎందుకు పడిపోతుంది, కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరెందుకు చేరుతుంది, ముందే పసిగట్టే దారేమన్నా ఉందా అని. అరవైమంది పేషెంట్లం ఒప్పుకున్నాం. నాలుగున్నర నెలల కిందట తలా ఒక నోటుబుక్కు ఇచ్చింది. తాగిన నీళ్ళు, తిన్న తిండి, ఆయాసం, నొప్పులు అన్నీ ఏ రోజుకారోజు రాయాలి. వాటిని చూడ్డానికి ఒక సిస్టరమ్మని ప్రత్యేకంగా వేయించింది. అయినా ప్రతి పేజీ తనే చదువుతుంది.

నేను ప్రతిరోజూ 'మూడు గ్లాసులు' అని రాశాను. తాగింది ఆరూ ఏడూ. మిషన్ ఎక్కేముందు తూకం వేస్తారు కదా, బరువు పెరుగుతూ వచ్చింది. "ఏమండీ, ఇంత పెరిగారేం?" అని ఆవిడ అడిగితే, "ఆకలి బాగా వేస్తోంది మేడమ్, ఒళ్ళు చేశాను" అన్నాను. దానికి తగ్గట్టు పుస్తకంలో తిండి రెండింతలు చేసి రాశాను. ఆవిడ నమ్మింది. అదనపు నీరంతా తీసేశాక మనిషి ఉండాల్సిన బరువు ఒకటుంటుంది, దాన్ని బట్టే మిషన్ ఎంత నీరు లాగాలో నిర్ణయిస్తారు. నాకు కండ పట్టిందనుకుని ఆ బరువుని రెండుసార్లు పెంచింది. అంటే ఒంట్లోని నీటిని కండ కింద జమకట్టి, లోపలే వదిలేశారన్నమాట.

పోయిన నెల ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. ఊపిరి ఆడలేదు. లేచి కూర్చుంటే కాస్త నయం, పడుకుంటే మునిగిపోతున్నట్టే ఉంది. మీ అత్తయ్య ఎదురింటి డ్రైవరుని కేకేసి, ఆయన వ్యానులో సరుకుల మధ్య కూర్చోబెట్టి తీసుకొచ్చింది. దారంతా నా వీపు రాస్తూ దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచింది. మిషన్ పెట్టి నీళ్ళు లాగాక గానీ మనిషిని కాలేదు. నీకు రాయొద్దన్నాను. రాసి ఉంటే వలలు వదిలేసి పరిగెత్తుకొచ్చేదానివి.

మర్నాడు డాక్టరమ్మ సిస్టర్లనీ, మిషన్లు నడిపే వాళ్ళనీ నా మంచం దగ్గరికి పిలిచి, "ఈయన బరువు కట్టడంలో పొరపాటు నాది. కండకీ నీటికీ తేడా పట్టుకోలేకపోయాను" అంది. అందరి ఎదుటా రిజిస్టరులో అదే మాట రాసి సంతకం పెట్టింది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. "మహాతల్లి! ఈ రోజుల్లో తప్పు ఒప్పుకునే డాక్టరు ఎక్కడ దొరుకుతుందండీ" అని టైలరు గారు అంటుంటే కూడా కళ్ళు తెరవలేదు.

అది జరిగిన నాలుగో రోజున నీ ఉత్తరం వచ్చింది.

బుధవారం.

మొన్న అక్కడ ఆపేశాను. నాలుగు గంటలు అయిపోయి కాదు, ఇంకా గంటన్నర ఉంది. చెయ్యి సాగలేదు, అంతే. ఇవాళ మళ్ళీ అదే కుర్చీ, అదే అట్ట. టైలరు గారు నిద్రపోతున్నాడు. ఇవాళైనా రాయకపోతే ఇక రాయలేను.

ఈ ఉత్తరం నువ్వు మీ కప్పల పరిశోధనకి పెద్ద అయిన మీ సారుకి చూపించాల్సి వస్తుంది. అందుకని నీకు తెలిసిన సంగతులు కూడా విడమరిచి రాస్తాను. విసుక్కోకు.

నువ్వు రాసిందిది. మన కాలవ పొడవునా, దాన్ని కలిసే చెరువుల్లో గోళ్ళకప్పలు నిండిపోయాయి. ఇక్కడివి కావు, ఎక్కడో పరాయి నేలవి. మన చిన్న పచ్చకప్పల పిల్లల్ని తోకలతో సహా మింగేస్తున్నాయి, చర్మరోగం కూడా అంటిస్తున్నాయి. నలభై చెరువుల గట్ల మీద మైకులు పెట్టి వింటే, ముప్పై ఒక్క చెరువుల్లో పచ్చకప్ప అరుపే లేదు. పట్టిన గోళ్ళకప్పలన్నీ పదీ పన్నెండు కప్పల సంతానమేనని జన్యు పరీక్షల్లో తేలింది. మా పాత ల్యాబ్‌లో సీసాలో భద్రపరిచిన కప్పతో అవి సరిపోయాయి. ల్యాబ్ మూసినప్పుడు కప్పలన్నిటినీ చంపేశామని డాక్టరమ్మ సంతకంతో ఒక కాయితం ఉంది, అది అబద్ధమని రుజువైంది. నెలాఖరుకి మీ నివేదిక అచ్చుకి వెళ్తుంది. ఆవిడ పేరు పెట్టి రాయాలని మీ సారు పట్టుబడుతున్నారు.

ఆ కింద నువ్వు, "నాకు మాత్రం ఎవరో పాపం వాటిని చంపడానికి చేతులు రాక, జాలిపడి వదిలేశారనిపిస్తోంది మామయ్యా. ఆ మాటా రాద్దామనుంది. నువ్వు అక్కడే పనిచేశావుగా, ఎవరై ఉంటారు?" అని అడిగావు.

నేనే.

జాలిపడి కాదు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. పొట్టలో మందునీరు నింపి చేసే డయాలిసిస్ ఒకటుంది, అది కొన్నేళ్ళకి కొందరికి పనిచేయడం మానేస్తుంది. పొట్ట లోపలి పొర నీటిని ఎలా దాటనిస్తుందో, ఎందుకు ఆపేస్తుందో డాక్టరమ్మ వెతుకుతుండేది. పొరలో నీరు దాటే ఆ సన్న దారుల్ని గోళ్ళకప్ప గుడ్లలో పుట్టించి చూసేవాళ్ళు. ఆవగింజంత గుడ్డు, దారులు పుట్టిందైతే మంచినీళ్ళలో వేయగానే ఉబ్బి టప్పున పగిలేది. ఆ కప్పల్ని సాకడం నా ఉద్యోగం. నీళ్ళు మార్చడం, మేత వేయడం, గుడ్లు కావాల్సిన రోజున మందునీళ్ళ బేసిన్లో వేసి మత్తెక్కించడం, పని అయ్యాక మంచినీళ్ళలో వదిలి మళ్ళీ లేపడం. ఈ ఆఖరి పని ఎన్ని వందలసార్లు చేశానో.

ఆ ఏడు పైనుంచి నిధులు ఆగిపోయాయి. ల్యాబ్ మూసేయమన్నారు. మిగిలిన నలభై ఆరు కప్పల్నీ ఎవరికీ ఇవ్వకూడదు, ఎక్కడా వదలకూడదు, చంపేయాలి. ఆ పనికి రెండు మెట్లు. మొదటిది, చిక్కటి మందునీళ్ళలో గంటసేపు ఉంచడం. రెండోది, చలనం ఆగాక ఒక్కోదాని తల వెనక సూది దించి నరం తెంపడం. రెండోది చేస్తేనే చచ్చినట్టు లెక్క. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది.

అది శుక్రవారం. డాక్టరమ్మ వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంది. మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆవిడ సంచీ భుజాన వేసుకుంటూ, "నువ్వు చూసుకుంటావుగా?" అంది. "మీరు వెళ్ళండి మేడమ్, నేను చూసుకుంటాను" అన్నాను. ఇంకా జరగని పని జరిగినట్టు రాసి ఉన్న కాయితం మీద సంతకం పెట్టి, "అయ్యాక తేదీ వేసి ఆఫీసులో ఇచ్చెయ్" అని నా చేతికిచ్చింది. ఆరేళ్ళు నన్ను చూసిన మనిషి. నన్ను నమ్మకపోతే ఎవర్ని నమ్ముతుంది?

మొదటి మెట్టు చేశాను. గంట తర్వాత అన్నీ వేలాడిపోయాయి. సూది చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు కిటికీలోంచి వాచ్‌మన్ కేకేశాడు. "రావోయ్, ఒక చెయ్యి తక్కువైంది!" ప్రతి శుక్రవారం వాళ్ళ గదిలో పేకాట. ముగ్గురు కూర్చున్నారు, నాలుగోవాణ్ణి నేను. బేసిన్ వంక చూశాను. నలభై ఆరింటికి గంటన్నర పని. చచ్చేపోయాయిగా, చచ్చినవాటిని మళ్ళీ చంపడమేంటి అనుకున్నాను. గోనెసంచిలోకి ఒంపి, గోడ వెనక తూము పక్కన గొయ్యి తీసి, పైన ఇంత మట్టి లాగి వచ్చేశాను. కాయితం మీద తేదీ వేసి ఆఫీసులో ఇచ్చాను. ఆ రోజు ఆటలో గెలిచాను కూడా.

సాయంత్రం కుండపోత. సోమవారం వెళ్ళి చూస్తే గొయ్యి మట్టి కొట్టుకుపోయింది, సంచీ మూతి తెరుచుకుని ఉంది. ముప్పైకి పైగా చచ్చి ఉన్నాయి. మిగతావి లేవు. కాకులు ఎత్తుకుపోయి ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట నేను నమ్మలేదు పిడుగూ. మత్తులో పడి ఉన్న కప్పకి మంచినీళ్ళు తగిలితే లేస్తుందని ఆ ల్యాబ్‌లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. దాన్ని లేపడమే నా ఉద్యోగం. వానంతా వాటిమీదే కురిసింది.

అప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. నన్ను కొత్తగా ఆసుపత్రి స్టోరుకి మార్చారు, పెళ్ళై ఏడాది కాలేదు. ఈ మాటలు సాకులని తెలిసే రాస్తున్నాను.

ఇంకొకటి ఉంది. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే కష్టమైంది ఇదే.

అది జరిగిన అయిదు నెలలకి, సెలవు రోజున నిన్ను వెంటబెట్టుకుని ఆ తూము దిగువన గుంట దగ్గరికెళ్ళాను. నీకు ఎనిమిదేళ్ళు. మీ అత్తయ్య టీ వడగట్టే జల్లెడ దొంగిలించి తెచ్చుకున్నావు, కప్పపిల్లల్ని పట్టడానికి. నేను గట్టు మీద కూర్చున్నాను. ఉన్నట్టుండి కేకేశావు, "మామయ్యా, దీనికి గోళ్ళున్నాయి! నల్లటి గోళ్ళు!" అని.

చూశాను. బొటనవేలంత పిల్ల. అంటే లేచినవి బతికాయి, గుడ్లు కూడా పెట్టేశాయి.

"మామూలు కప్పే, వదిలెయ్" అన్నాను.

"కాదు మామయ్యా, వెనక కాళ్ళకి మూడేసి ఉన్నాయి. మీ ల్యాబ్‌లో అద్దాల తొట్టిలో ఉండేవే! నువ్వే చూపించావుగా!"

"కాదన్నానా?"

"నిజంగా అవే! వెళ్ళి డాక్టరమ్మకి చూపిద్దాం పద!"

చెంప మీద కొట్టాను. జల్లెడ నీళ్ళలో పడింది. "ఇంతలేసి అబద్ధాలు ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాను. నీమీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. నువ్వు ఏడవలేదు. నా వంక అలా చూస్తూ నిలబడ్డావు. ఇంటికెళ్ళాక బుగ్గ ఎందుకు కందిందని మీ అమ్మ అడిగితే, "గట్టు మీంచి పడ్డాను" అన్నావు. నన్ను కాపాడావు. నిజం చెప్పినందుకు దెబ్బ తిని, నాకోసం అబద్ధం చెప్పావు. నీకు గుర్తుందో లేదో తెలీదు. ఇన్నేళ్ళలో నువ్వెప్పుడూ ఎత్తలేదు, నేను అడగనూ లేదు. గుర్తులేదంటే మాత్రం అది నేను చేసిన మంచి కాదు.

ఆ రోజుకి అవి ఆ ఒక్క గుంటలోనే ఉన్నాయి. రెండు వలలు, ఒక పూట పని. డాక్టరమ్మకి చెబితే తనే చీర ఎగ్గట్టి గుంటలో దిగేది. ఇప్పుడు నువ్వు పదిమందిని వెంటేసుకుని మూడేళ్ళుగా బురదలో పడి తిరుగుతున్నావు. ముప్పై ఒక్క చెరువులు మూగబోయాయని నువ్వు రాసినప్పుడు ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. నా పేకాట శుక్రవారం ఒక్కటే. నేను నోరు మూసుకున్న రోజులు ఎనిమిది వేలు.

నీ నివేదికలో ఒక తప్పుంది, దిద్దుకో. గోళ్ళకప్ప బయట మొదటిసారి కనిపించింది పదమూడేళ్ళ కిందట ఒక జాలరి వలలో అని రాశానన్నావు. కాదు. ఇరవై రెండేళ్ళ కిందట, ఎనిమిదేళ్ళ పిల్ల టీ జల్లెడలో.

శుక్రవారం.

నిన్న మీ అత్తయ్యకి చెప్పాను. కప్పల సంగతంతా చెక్కలా కూర్చుని వింది. నిన్ను కొట్టిన దగ్గర లేచి నిలబడింది. "దాన్ని కొట్టారా? అబద్ధమాడుతోందని కొట్టారా? ఇరవై రెండేళ్ళు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ ఈ మాట దాచారా?" అని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఇవాళ పొద్దున నాతో ఒక్క మాటే అంది. "డాక్టరమ్మకి చెప్పకుండా ఆ కుర్చీలో కూర్చోకండి" అని. నన్ను వాకిట్లో దింపి వెళ్ళిపోయింది.

చెప్పాను. మిషన్ ఎక్కకముందే ఆవిడ గదికెళ్ళి, నోటుబుక్కు బల్ల మీద పెట్టి, "మేడమ్, ఇందులో నేను రాసింది అబద్ధం. ఆ రోజు పొరపాటు మీది కాదు" అన్నాను. ఆవిడ ఎర్ర పెన్ను నావైపు జరిపింది. "ఏ పేజీలు నిజమో గుర్తు పెట్టండి" అంది. నూట నలభై పేజీలు తిప్పాను. పదకొండు పేజీలకి టిక్కు పెట్టగలిగాను. మూడు గ్లాసులే తాగిన రోజులు అవే.

"ఈ పుస్తకం చూసి, ఇంకో ఇద్దరికి కూడా మీలాగే కండ పట్టిందనుకుని బరువు పెంచుదామనుకున్నాను. తెలుసా మీకు?" అంది. అందులో ఒకాయన మా టైలరు గారు.

అప్పుడు కప్పల సంగతి చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ల్యాబ్ రోజుల్లో నన్ను నువ్వు అని పిలిచేది, పేషెంటునయ్యాక మీరు అంటోంది. ఇన్నేళ్ళకి మళ్ళీ నువ్వు అంది. "నాకు చెయ్యలేనని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పని నేనే చేసేదాన్ని కదయ్యా. మా అమ్మని సాగనంపి వచ్చి చేసేదాన్ని. ఆ గంటన్నర నాకు బరువా?"

నిలబడి ఏడ్చాను. ఊరుకోమని ఆవిడ అనలేదు.

నీ నివేదిక గురించి చెప్పాను, తన పేరు వస్తోందని. పరిశోధన కొనసాగించాలా వద్దా అని వచ్చే నెలలో పైవాళ్ళు తేలుస్తారు. అప్పట్లో అబద్ధపు కాయితం మీద సంతకం పెట్టిన మనిషి ఇప్పుడు రాసేది ఎలా నమ్మమంటారు అని ఎవరైనా అడుగుతారు. పరిశోధన ఆగితే ఇక్కడ మమ్మల్ని కనిపెట్టుకుని ఉండే సిస్టరమ్మ పోతుంది, టైలరు గారికి ఊపిరాడనప్పుడు ముందుగా పసిగట్టేవాళ్ళు ఉండరు. ఇవన్నీ నేను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే చెయ్యెత్తి ఆపింది. "జరగని పనికి సంతకం పెట్టింది నేను. అది నా తప్పే, రాయమను. ఎంత తప్పు చేశానో అంతే రాయమను. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు." కళ్ళజోడు పెట్టుకుంది. "మీ పుస్తకం పరిశోధనలోంచి తీసేస్తున్నాను. వెళ్ళి తూకం వేయించుకోండి, బరువు మళ్ళీ కడదాం" అంది. అంతే, మళ్ళీ మీరునయ్యాను.

ఈ ఉత్తరంతో వేరే కాయితం ఒకటి పెడుతున్నాను. జరిగిందంతా తేదీలతో రాసి సంతకం చేశాను. సిస్టరమ్మ, టైలరు గారు సాక్షి సంతకాలు పెట్టారు. టైలరు గారికి అంతా చెప్పే పెట్టించాను. ఆయన చాలాసేపు గుండీల డబ్బాలోకే చూస్తూ, "నాకూ బరువు పెంచుదామన్నారటండీ?" అన్నాడు. అవునన్నాను. సంతకం పెట్టాడు గానీ ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

నెలాఖరులోగా అది మీ సారు చేతిలో పెట్టు. నన్ను క్షమించమని నిన్ను అడగను. అడిగితే క్షమిస్తావు, నీ గుణం నాకు తెలుసు. ఇంటికి రాబుద్ధి కాకపోతే రావద్దు. మీ అమ్మకి నేనే చెబుతాను, నీకా పని పెట్టను.

నివేదికలో మాత్రం నేను చెప్పినట్టు రాయి. కప్పల్ని సాకే ఉద్యోగి, చంపే పని సగంలో వదిలేసి పేకాటకి పోయాడు, అవి బతికాయని తెలిసి కూడా భయపడి దాచాడు అని రాయి. జాలి అన్న మాట కొట్టెయ్యి. ఆ మాట మంచివాళ్ళ కోసం దాచుకో. ఇంకొక్కటి, నా కిడ్నీలు పోయాయనీ డయాలిసిస్ మీద ఉన్నాననీ ఎక్కడా రాయకు. చదివినవాళ్ళు జాలిపడతారు.

ఇట్లు,
ఆ రోజు నువ్వు చూసింది నిజమేనని
ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా ఒప్పుకుంటున్న
నీ మేనమామ